మొగలిపువ్వు సాక్ష్యం

మా ఝరాసంగంలో ఒక వింత ఉన్నది. శివపూజకు మొగలిపువ్వు పనికిరాదన్నది దేశమంతటా తెలిసిన మాట. జ్యోతిర్లింగపు కొనను చూశానని బ్రహ్మ అబద్ధమాడినప్పుడు, నిజమేనంటూ ఈ పువ్వు సాక్ష్యం చెప్పిందట. ఆ కూటసాక్ష్యానికి శిక్షగా శివుడు దానిని తన పూజకు దూరం చేశాడట. అయితే ఝరాసంగంలో వెలసిన స్వామి పేరే కేతకీ సంగమేశ్వరుడు. కేతకి అంటే మొగలి. ఇతర శివాలయాలు వెలివేసిన పువ్వు ఇక్కడ స్వామి పూజకు నోచుకున్నది. శివరాత్రికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా జనం తరలివచ్చి అమృతగుండంలో స్నానం చేసి స్వామిని సేవించుకుంటారు.

చిన్నతనంలో ఒక జాతరనాడు మా తాతను అడిగాను, అబద్ధమాడిన పువ్వును దేవుడు మళ్ళీ ఎందుకు దగ్గరకు తీసుకున్నాడని. తాత గొర్రెల కాపరి. పురాణాలలో ఆయనకు ప్రవేశం లేదు. కాసేపు ఊరుకుని, “ఏ అబద్ధం కడుపు నింపుతదో, ఏది కడుపు కొడతదో దేవునికి తెల్వదా బిడ్డా” అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థం కావడానికి రెండు సంఘటనలు జరగవలసి వచ్చింది. ఒకటి మా చిన్నాయన మందలో, రెండవది మా ఇంట్లో. రెండింటికీ మూలం ఆడగొర్రె కడుపులో జరిగే సంభాషణే. ఈ టపా దాని గురించి.

మేము కురుమలం. ఝరాసంగం మండలంలోని ఒక చిన్న పల్లె మాది. తాత దగ్గర అరవై దాకా నల్ల దక్కని గొర్రెలుండేవి. వాటి బొచ్చుతోనే మా ఇంట గొంగళ్ళు తయారయ్యేవి. తాతకు అక్షరం ముక్క రాదు. కార్తెలు మాత్రం వేళ్ళ కొసల మీద ఉండేవి. వేసవి ముదిరేసరికి పొట్టేళ్ళను మంద నుంచి విడదీసి, మా మేనత్త వాళ్ళ ఊరికి తోలేవాడు. నెలకు పైగా అవి అక్కడే ఉండేవి. మృగశిర చినుకులు పడి, ఎర్రనేల మీద పచ్చిక కనిపించిన తరువాత, ఆరుద్ర కార్తెలో వాటిని తిరిగి తెచ్చి మందలో కలిపేవాడు. కలిపిన రోజున, “ఇగ ఇరవై దినాలు సూడు” అనేవాడు. ఇరవై రోజుల ప్రాంతంలో గొర్రెలు ఒకదాని వెంట ఒకటి ఎదకు వచ్చేవి. అక్కడి నుంచి అయిదు నెలలకు, అంటే మార్గశిరంలో, కంది ఆకు రాలే వేళకు పిల్లలు పుట్టేవి. తల్లులకు పాలు పడేందుకు చేలలో కావలసినంత మేత ఉండేది.

ఇరవై దినాల లెక్క ఎక్కడిదని తాతను అడిగితే, “మా నాయిన చెప్పిండు” అన్నాడు. అసలు సమాధానం కోసం నేను చాలా ఏళ్ళ తరువాత పుస్తకాలు వెతుక్కున్నాను.

గొర్రె ఎద చక్రం సగటున 17 రోజులు. అందులో ఎద ఉండేది ఒకటి, ఒకటిన్నర రోజు మాత్రమే. అండాశయం నుంచి అండం విడుదలైన తరువాత, అది ఉన్న చోట ఒక చిన్న గడ్డ ఏర్పడుతుంది. దానిని కార్పస్ లూటియం అంటారు. లాటిన్‌లో ఆ పేరుకు పసుపుపచ్చని దేహమని అర్థం. ఆవులో ఆ రంగు కనిపిస్తుంది గాని, గొర్రెలో అది లేత గులాబీ రంగులో ఉంటుంది. ఈ గడ్డ ప్రొజెస్టిరాన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. లోపల బిడ్డ ఉన్నదేమో, అందరూ నెమ్మదిగా ఉండండి అని శరీరమంతటికీ చాటింపు వేయడం ఆ హార్మోను పని. చాటింపు వినబడుతున్నంత కాలం మెదడులోని హైపోథాలమస్, దాని కింది పీయూష గ్రంథి కొత్త అండాన్ని విడుదల చేయించే జోలికి పోవు.

గర్భాశయం ఈ చాటింపును ఊరికే నమ్మదు. పన్నెండు పదమూడు రోజులు ఎదురుచూస్తుంది. అప్పటికీ బిడ్డ జాడ లేకపోతే ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని తయారు చేసి ఆ గడ్డను కూల్చివేస్తుంది. ఆ పదార్థం ప్రయాణించే దారి కూడా చిత్రమైనది. రక్తంతో పాటు ఊరంతా తిరిగితే ఊపిరితిత్తులలోనే చాలావరకు నశించిపోతుంది. అందుకని గర్భాశయపు సిర నుంచి, దానిని పెనవేసుకుని ఉన్న అండాశయ ధమనిలోకి నేరుగా చొరబడుతుంది. పక్కింటి గోడ దూకినట్టు. గడ్డ కూలగానే చాటింపు ఆగుతుంది. ఎదుగుతున్న కొత్త అండపు తిత్తి ఈస్ట్రోజెన్‌ను వెల్లువెత్తిస్తుంది. గొర్రె మళ్ళీ ఎదకు వస్తుంది. 17 రోజులకు ఒకసారి జరిగే కథ ఇది.

బిడ్డ పడిన పక్షంలో ఆ పదమూడవ రోజు లోపే అది నోరు విప్పాలి. 1966లో కేంబ్రిడ్జిలో మూర్, రౌసన్ అనే శాస్త్రవేత్తలు ఒక గొర్రె పిండాలను మరొక గొర్రెలోకి మార్చి చూసి, పన్నెండవ రోజుకల్లా పిండం లోపల ఉంటేనే గర్భం నిలుస్తుందని తేల్చారు. ఒక్క రోజు ఆలస్యమైతే కూల్చివేత మొదలైపోతుంది. ఆ రోజులలో పిండానికి కాళ్ళూ చేతులూ లేవు, గుండె లేదు. గుండ్రని బుడగలా ఉన్నది కాస్తా దారంలా సాగుతూ, గర్భాశయపు గోడల వెంట ఒక ప్రోటీనును వెదజల్లుతుంది. నేనున్నాను అని దాని అర్థం. ఆ ప్రోటీను ఏమిటో పరిశీలించగా, వైరసులు సోకినప్పుడు శరీరం తయారు చేసుకునే ఇంటర్‌ఫెరాన్ల కుటుంబానికి చెందినదని 1987లో తెలిసింది. ఇప్పుడు దానిని ఇంటర్‌ఫెరాన్ టౌ అంటున్నారు. మనుషులలో ఇదే పని వేరొక హార్మోను చేస్తుంది. గర్భ పరీక్ష పట్టీ మీద రెండవ గీత గీసేది అదే. బుడగ పలికిన ఆ ఒక్క మాటను నమ్మి తల్లి శరీరం అయిదు నెలలు పణంగా పెడుతుంది.

తాత ఇరవై దినాల లెక్క కూడా ఇక్కడే ఉన్నది. చాలాకాలం దూరంగా ఉంచిన పొట్టేలును మందలోకి తెస్తే గొర్రెలు కలిసికట్టుగా ఎదకు వస్తాయని ఆస్ట్రేలియాలో 1944లో వ్రాసి పెట్టారు. పొట్టేలు బొచ్చులోని వాసన తగలగానే గొర్రె మెదడు మేలుకొని, రెండు మూడు రోజులలోనే అండం విడుదలవుతుంది. కాని అంతకుముందు ప్రొజెస్టిరాన్ రుచి చూడని మెదడు ఆ మొదటిసారి ఎద లక్షణాలు చూపదు. అండం నిశ్శబ్దంగా వచ్చి పోతుంది. ఆ తరువాతి చక్రం పూర్తయ్యేసరికి, అంటే సుమారు పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు రోజుల మధ్య, అసలైన ఎద కనిపిస్తుంది. తాత వాళ్ళ నాయన పుస్తకం చదవకుండానే ఈ లెక్క తెలుసుకున్నాడు.

మరి ఆరుద్ర కార్తె వరకు ఆగడం ఎందుకు? చలిదేశాలలో గొర్రెలు పగటి పొడవును చూసి ఎదకు వస్తాయి. రాత్రులు పెరిగేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్‌ను ఎక్కువసేపు స్రవించి, ఋతువు మారిందని కబురు చేస్తుంది. లండన్‌లో అతి దీర్ఘమైన పగటికి, అతి చిన్న పగటికి తేడా దాదాపు తొమ్మిది గంటలు. మా వైపు ఆ తేడా సుమారు రెండు గంటలే. అంత చిన్న తేడాను నమ్ముకుంటే లాభం లేదు గనుక మా గొర్రెలకు ఋతువును చెప్పేది ప్రధానంగా గడ్డి. వేసవి ఎండుమేతకు చిక్కిపోయిన గొర్రెలో చక్రం మందగిస్తుంది. నాలుగు వానలకు లేత పచ్చిక దొరికితే అండాశయం తిరిగి పుంజుకుంటుంది. అంటే ఆ సంభాషణలో పాల్గొనేది తల్లి, బిడ్డ మాత్రమే కాదు. వాన కూడా ఒక మాట చెబుతుంది.

ఇక చిన్నాయన సంగతి. 2005లో ఆయనకు ఒక కోరిక పుట్టింది. దసరాకు పొట్టేళ్ళకు మంచి ధర పలుకుతుంది. మార్గశిరంలో పుట్టే పిల్లలు అప్పటికి ముదిరిపోతాయి; అంతకాలం మేపే ఖర్చు ఎక్కువ. ఏప్రిల్‌లో పుట్టిస్తే దసరాకు సరిగ్గా ఆరు నెలల పిల్లలు చేతికి వస్తాయి. అదే సమయంలో ఎవరో పరిచయస్తుడు స్పాంజి పద్ధతి గురించి చెప్పాడు.

ఈ స్పాంజిని 1960లలో సిడ్నీలో రాబిన్సన్ అనే ఆచార్యుడు రూపొందించాడు. ప్రొజెస్టిరాన్ వంటి మందులో తడిపిన చిన్న స్పాంజిని గొర్రె యోనిలో పన్నెండు నుంచి పద్నాలుగు రోజులు ఉంచుతారు. ఆ మందు కార్పస్ లూటియం గొంతుతో మాట్లాడుతుంది. లోపల బిడ్డ ఉన్నదేమో, నెమ్మదిగా ఉండండి అని చాటింపు వేస్తూనే ఉంటుంది. తీసిన రోజున మందలోని గొర్రెలన్నిటికీ చాటింపు ఒకేసారి ఆగిపోతుంది. దానితో పాటు, చూలు గుర్రాల రక్తం నుంచి తీసిన మరొక హార్మోనును సూదితో ఇస్తే అండాలు ఒకటికి రెండు విడుదల కావచ్చు. రెండు రోజులలో మంద మొత్తం ఎదకు వస్తుంది. వాన లేదు, పచ్చిక లేదు, ఆరుద్ర కార్తె లేదు. గొర్రెకు మనం చెప్పిన సాక్ష్యమే సాక్ష్యం.

అక్టోబరు చివర చిన్నాయన ముప్పై గొర్రెలకు స్పాంజిలు పెట్టించాడు. అంతా చెప్పినట్టే జరిగింది. ఎక్కువ గొర్రెలు చూలు కట్టాయి. తాతకు అప్పటికి ఎనభై దాటాయి. అరుగు మీద గొంగడి కప్పుకుని కూర్చుని అంతా చూశాడు. “గొర్రెను ఒప్పిస్తివి, సరే. వానను ఒప్పిస్తివారా?” అని ఒక్క మాట అడిగాడు. చిన్నాయన నవ్వి ఊరుకున్నాడు.

మార్చి వచ్చింది. చూలు గొర్రెలకు ఆఖరి నెలన్నరే గడ్డుకాలం. పిండం బరువు పెరిగేది ఎక్కువగా అప్పుడే. లోపల ఇద్దరుంటే తల్లి తన ఒంటి కొవ్వును కరిగించి వాళ్ళకు పెడుతుంది. మేత చాలకపోతే ఆ కరిగిన కొవ్వే విషమవుతుంది. మొదట ఒక గొర్రె మందకు దూరంగా నిలబడిపోయింది. కళ్ళున్నా చూపు లేనట్టు గోడకు తల ఆనించి నిలబడింది. దాని ఊపిరిలో ఏదో తియ్యటి వాసన. రెండు రోజులకు పడిపోయింది. అట్లా అయిదు పోయాయి. మిగిలినవి ఏప్రిల్ మొదటి వారంలో మూడు నాలుగు రోజుల తేడాతో ఈనాయి. నేను సెలవు పెట్టి వెళ్ళాను. దొడ్డినిండా పిల్లలు. పొదుగులు మాత్రం ముడుచుకుపోయి ఉన్నాయి. ఎండకు నేల పగిలి ఉన్నది. చిన్నమ్మ ఆవుపాలు పితికి తెచ్చి, రబ్బరు తిత్తితో ఒక్కొక్క పిల్ల నోట్లో పోస్తూ రాత్రులు మేలుకున్నది. సగానికి పైగా పిల్లలు నెల తిరగకముందే చనిపోయాయి. చిన్నాయన చేసిన అప్పు మూడేళ్ళు తీరలేదు.

ఇందులో స్పాంజిది తప్పని నేననను. మేత నిల్వ ఉన్న చోట, చూలు గొర్రెలకు దాణా పెట్టగలిగిన చోట అది మేలే చేస్తుంది. కవలలు పుట్టడం కూడా తప్పు కాదు. మా దక్కని గొర్రె సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో, నింబకర్ వ్యవసాయ పరిశోధన సంస్థ వారు బెంగాలు సుందరవనాల గారోల్ గొర్రెలోని ఒక జన్యువును దక్కని గొర్రెలలోకి తెచ్చి, కవలలు ఎక్కువగా పుట్టే సువర్ణ అనే రకాన్ని రూపొందించారు. ఆ జన్యువు ఒక్క ప్రతి ఉన్నా చాలు, అండాశయం ఒకటికి బదులు రెండు అండాలను పండించగలదు. అక్కడ కూడా తల్లికి కడుపునిండా మేత ఉన్నప్పుడే ఆ రెండవ పిల్ల లాభం. చిన్నాయన చేసిన పొరపాటు ఒక్కటే. సంభాషణలో వాన గొంతు నొక్కివేశాడు. తాత చెప్పిన, కడుపు కొట్టే అబద్ధం అంటే ఏమిటో ఆ ఏప్రిల్‌లో చూశాను.

రెండవది మా ఇంటి సంగతి అన్నాను. దానికి ముందు తాత మాట మరొకటి చెప్పాలి. చిన్నప్పుడు ఒక రాత్రి ఈనబోయే గొర్రె పక్కన కూర్చుని, ఇది ఎప్పుడు ఈనుతుందని విసిగించాను. “గొర్రె ఈనదురా. పిల్ల ఈనిపిస్తది. లోపల దాని పని ఒడిసినంక అదే తలుపు కొడతది” అన్నాడు.

ఇది కవిత్వమనుకున్నాను. కాదు. 1950లలో అమెరికాలోని ఐడహోలో కొన్ని మందలలో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టాయి. చూలు కట్టిన పద్నాలుగవ రోజు ప్రాంతంలో తల్లులు కొండ మీది ఒక విషపు మొక్కను మేయడమే కారణమని అక్కడి పరిశోధకులు కనిపెట్టారు. ఆ తల్లులలో మరొక విశేషం ఉన్నది. కొన్ని 147 రోజుల గడువు దాటినా ఈనలేదు. లోపలి పిల్లకు పీయూష గ్రంథి సరిగా ఏర్పడలేదు. తలుపు కొట్టేవాడు లేడు.

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు ఇదే ప్రశ్నను గొర్రెల మీద పరిశీలించాడు. కడుపులోని పిల్ల పీయూష గ్రంథిని నాశనం చేస్తే ప్రసవం వెనక్కు పోయింది. ఆ పిల్లకే కార్టిసాల్ అనే హార్మోనును ఎక్కిస్తే నెలలు నిండకుండానే ప్రసవం వచ్చింది. పెరిగిన పిల్ల తన అడ్రినల్ గ్రంథుల నుంచి కార్టిసాల్‌ను వదులుతుంది. ఆ సంకేతంతో మావి తన దగ్గరి ప్రొజెస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చడం మొదలుపెడుతుంది. అయిదు నెలలుగా సాగిన చాటింపు ఆగి, నొప్పులు వస్తాయి. మొదట నేనున్నాను అన్న పిల్లే చివర నేను వస్తున్నాను అంటుంది. మధ్యలో తల్లి వింటూ ఉంటుంది. మనుషులలో ప్రసవం సరిగ్గా ఇట్లా మొదలు కాదు గాని, లిగ్గిన్స్ ఆ ప్రయోగాలలో మరొకటి గమనించాడు. బతకడానికి వీలు లేనంత ముందుగా పుట్టిన ఒక గొర్రెపిల్ల ఇంకా ఊపిరి పీలుస్తున్నది. ఆ హార్మోను తలుపు కొట్టడంతో పాటు ఊపిరితిత్తులను కూడా పండించింది. 1972లో ఆయన, హౌవీ అనే శిశువైద్యుడు కలిసి, నెలలు నిండకుండా ప్రసవించబోయే 282 మంది తల్లుల మీద ఆ జాతి మందును పరీక్షించి ఫలితం ప్రకటించారు. మందు అందని శిశువులలో దాదాపు 26 శాతం మందికి శ్వాసకష్టం రాగా, అందినవారిలో అది 9 శాతమే. అయినా ప్రపంచమంతటా ఇది అలవాటు కావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది.

2009లో మా ఆవిడకు ముప్పై ఒకటవ వారంలోనే నొప్పులు మొదలయ్యాయి. హైదరాబాదులో ఆసుపత్రిలో చేర్చాము. ఒక నర్సు వచ్చి డెక్సామిథసోన్ సూది వేసింది. ఎందుకని అడిగితే, “బిడ్డ ఊపిరితిత్తులకు” అన్నది. పన్నెండు గంటలకు ఒకటి చొప్పున నాలుగు సూదులు. ఆ రెండు రోజులు నొప్పులు ఆగాలని వరండాలో కూర్చుని గంటలు లెక్కపెట్టాను. నాలుగవ సూది పడిన మరునాటి తెల్లవారుజామున అమ్మాయి పుట్టింది. కిలో నాలుగు వందల గ్రాములు. నా అరచేతి నుంచి మోచేతి దాకా ఉండేది, అంతే. గాజుపెట్టెలో పెట్టారు. నేను దాని ముఖం చూడలేదు. పక్కటెముకలు కదులుతున్నాయా అని చూశాను. కదులుతున్నాయి.

ఆ మందు కథ నేను చదివింది తరువాత, గాజుపెట్టె పక్కన గడిపిన అయిదు వారాలలో. చదువుతుంటే తాత మాట గుర్తుకువచ్చింది. మా అమ్మాయి తలుపు కొట్టే వేళ కాలేదు. దాని తరఫున, దాని గొంతుతో, బిడ్డ సిద్ధమైందని మేము కూటసాక్ష్యం పలికించాము. ఊపిరితిత్తులు నమ్మాయి. స్పాంజి చెప్పింది అబద్ధమే, సూది చెప్పింది కూడా అబద్ధమే. మొదటిది చెప్పిన తరువాత తల్లికి మేత పెట్టలేకపోయాము. రెండవది చెప్పిన తరువాత అయిదు వారాలు గాజుపెట్టె, పాలగొట్టం, నిద్రలేని నర్సులు ఉన్నారు. అబద్ధమాడినవాడు దాని భారం కూడా మోయవలసి ఉంటుందని నాకు తోచింది.

తాత మునిమనుమరాలిని చూడలేదు. 2007లోనే పోయాడు. ఆయన గొంగడి మా ఇంట్లో ఉన్నది. ఊళ్ళో ఇప్పుడు నల్ల గొర్రెలు తగ్గాయి. 2017లో ప్రభుత్వ పథకం వచ్చిన తరువాత పొడుగుకాళ్ళ నెల్లూరు గొర్రెలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. చిన్నాయన మందలో మాత్రం రెండు రకాలూ ఉన్నాయి. వేసవిలో పొట్టేళ్ళను మేనత్త వాళ్ళ ఊరికే తోలుతున్నాడు.

మొన్న శివరాత్రికి అందరమూ ఝరాసంగం వెళ్ళాము. అమ్మాయి నా భుజం దాటి ఎదిగింది. గుడి బయట మొగలిరేకు వాసన చూస్తూ, నేను చిన్నప్పుడు అడిగిన ప్రశ్నే అడిగింది. తాత చెప్పిన జవాబే చెప్పాను. అర్థం కాలేదన్నది. తన పుట్టుక కథ, అయిదు గొర్రెల కథ కలిపి చెప్పడానికి జహీరాబాదు వచ్చేదాకా పట్టింది.

చదువుతున్నవారిలో ఎవరి ఇంట్లోనైనా మంద ఉండి ఉంటే, మీ పెద్దలు పొట్టేలును ఏ కార్తెలో మందలో కలిపేవారో, ఎన్ని దినాల లెక్క చెప్పేవారో తెలియజేయగలరు. మా తాత లెక్క ఇరవై.